కోటీ నలభై లక్షల కరెంటు బండి: బీఎండబ్ల్యూ ఐఎక్స్ కొన్న కొత్తలో అందరూ అడిగినవి

మా ఇంటికి బీఎండబ్ల్యూ ఐఎక్స్ వచ్చినప్పటి నుంచి లిఫ్టులో, పెళ్ళి భోజనాల దగ్గర, ఫోనులో అవే ప్రశ్నలు ఎదురవుతున్నాయి. అడిగేవాళ్ళలో సగం మంది కొనాలని అడుగుతారు. మిగతా సగం మంది మేము తొందరపడ్డామని తేల్చడానికి అడుగుతారు. ఇద్దరికీ జవాబు ఒకటే కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇంతకీ ఇది ఏ మోడల్? ఎంత పడింది?

ఐఎక్స్ మన దేశంలో 2021 డిసెంబరులో విడుదలైంది. అప్పుడు వచ్చింది ఎక్స్‌డ్రైవ్40, షోరూం ధర 1.16 కోట్లు. పెద్ద బ్యాటరీ ఉన్న ఎక్స్‌డ్రైవ్50 2024లో 1.40 కోట్లకు వచ్చింది. మాది ఈ రెండోది. జర్మనీలోని డింగోల్‌ఫింగ్‌లో పూర్తిగా తయారై ఓడ మీద దిగుతుంది. బ్యాటరీ మొత్తం సామర్థ్యం 111.5 యూనిట్లు, అందులో మనం వాడుకోగలిగేది 105 చిల్లర. ముందు ఒక మోటారు, వెనక ఒక మోటారు, రెండూ కలిపి 523 హార్స్‌పవర్.

అంత ధర బండికి రోడ్ ట్యాక్స్ ఎంత కట్టారు?

ఏమీ కట్టలేదు. ఈ జవాబు విన్న ప్రతివాళ్ళూ మరోసారి అడుగుతారు. తెలంగాణలో కొని, తెలంగాణలోనే రిజిస్టర్ చేసే కరెంటు బండ్లకు 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తి మినహాయింపు. 2020 నాటి విధానంలో మొదటి 5,000 కార్లకే అన్న పరిమితి ఉండేది, దాన్ని ఎత్తేశారు. ఇదే ధర పెట్రోలు బండి అయితే జీవితకాల పన్ను 18 శాతానికి తగ్గదు. అంటే 25 లక్షల పైమాటే. దానికి తోడు కరెంటు బండ్ల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే.

కోటిన్నర బండి కొనగలిగినవాడికి ఈ రాయితీ ఎందుకని మా బాబాయి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రాయితీ తీసుకున్నవాడిని కనుక నేను మౌనంగా ఉండిపోయాను.

అప్పు మీద వడ్డీకి ఆదాయపు పన్ను చట్టం 80ఈఈబీ సెక్షన్ కింద లక్షన్నర మినహాయింపు ఉండేది. అది 2023 మార్చి 31లోపు మంజూరైన అప్పులకే. ఇప్పుడు దాన్ని లెక్కలో వేసుకోకండి. థర్డ్ పార్టీ బీమా ప్రీమియంలో మాత్రం 15 శాతం తగ్గింపు ఉంది. మీరు కట్టే మొత్తంలో అది చాలా చిన్న భాగం.

ఛార్జింగ్ ఎక్కడ పెడుతున్నారు?

అసలు ప్రశ్న ఇదే. బండి చూడటానికి షోరూముకు వెళ్ళేముందు మీ అపార్ట్‌మెంట్ సెల్లారుకు వెళ్ళి, మీ పార్కింగ్ గడి నుంచి మీ మీటరు ఉన్న ప్యానెల్ గదికి ఎంత దూరమో చూసుకోండి. ఎర్తింగ్ ఎలా ఉందో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కేబుల్ ఏ గోడ వెంట వెళుతుందో, ఆ గోడ ఎవరిదో కనుక్కోండి. కరెంటు బండి సుఖంలో నాకు తెలిసి మూడొంతులు ఈ గోడ దగ్గరే ఉంది. సీట్లకు మసాజ్ ఉందా లేదా అన్నది తరవాతి సంగతి.

మేము మూడు ఫేజుల కనెక్షన్ మీద 11 కిలోవాట్ల గోడ ఛార్జరు పెట్టించుకున్నాం. ఖాళీ బ్యాటరీ నిండటానికి దానిమీద పదకొండు గంటలు పడుతుంది. రాత్రి భోంచేశాక తగిలిస్తే తెల్లారి సిద్ధం. అయితే బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా ఎవరూ ఆగరు కదా. ఊళ్ళో రోజుకు 50 కిలోమీటర్లు తిరిగితే ఖర్చయ్యేది 11 యూనిట్లు. దానికి ఏసీకి వాడే మామూలు 16 ఆంపియర్ల ప్లగ్గు కూడా నాలుగు గంటల్లో సరిపోతుంది. గోడ ఛార్జరు రాలేదని బండిని ఆపుకోనవసరం లేదు. ఆ ప్లగ్గుకు మాత్రం విడిగా వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి లాగడం ప్రమాదం.

ఇక అసోసియేషన్. లోడ్ పెంచమని డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, దరఖాస్తు పెట్టడం కన్నా కమిటీకి నచ్చజెప్పడానికే ఎక్కువ సమయం పట్టింది. ఒకాయన సెల్లారు తగలబడుతుందన్నారు, మరొకాయన అందరి కరెంటూ మేమే వాడేస్తామన్నారు. రెండో అనుమానానికి జవాబు సులువు: కేబుల్ మా ఫ్లాటు మీటరు నుంచే వస్తుంది, బిల్లు మాకే పడుతుంది. ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. కొత్త భవనాల్లో 20 శాతం పార్కింగుకు ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని 2019లోనే నమూనా నిబంధనలు సవరించారు. ఆ కాగితాలు ప్రింటు తీసుకుని వెళ్ళండి. నోటితో చెప్పినదాని కన్నా కాగితం మీద ఉన్నదానికి కమిటీల్లో విలువ ఎక్కువ.

నిజంగా ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?

ఒక్క ఛార్జికి ఎంత దూరం వస్తుందో కొలిచే డబ్ల్యూఎల్‌టీపీ అనే ప్రామాణిక పరీక్షలో ఈ మోడల్‌కు వచ్చిన గరిష్ఠం 630 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆ పరీక్షలో మన మే నెల ఎండా ఉండదు, మన వేగమూ ఉండదు. మాకు నూరు కిలోమీటర్లకు 20 నుంచి 23 యూనిట్లు ఖర్చవుతున్నాయి. ఆ లెక్కన నిండు బ్యాటరీకి 450 నుంచి 520.

పెట్రోలు బండికి అలవాటైనవాళ్ళకు ఒక విషయం తలకిందులుగా కనిపిస్తుంది. ఊళ్ళో ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు ఖర్చు తక్కువ, ఖాళీ రోడ్డు మీద పరిగెత్తినప్పుడు ఎక్కువ. ఊళ్ళో బ్రేకు వేసిన ప్రతిసారీ మోటారు జనరేటరుగా మారి కొంత కరెంటు వెనక్కి పంపుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్లతో పోతుంటే ఆ అవకాశం లేదు, పైగా గాలిని చీల్చుకుపోవడానికే మోటారు శక్తిలో ఎక్కువ భాగం పోతుంది. అదే రోడ్డు మీద 95కు తగ్గి చూడండి, తెర మీద మిగిలిన కిలోమీటర్ల అంకె కళ్ళముందే నెమ్మదిస్తుంది.

విజయవాడ వెళ్ళి రాగలరా?

వెళ్ళగలం. హైదరాబాద్ నుంచి 275 కిలోమీటర్లు కాబట్టి మధ్యలో ఆగనవసరం లేదు. పోయి రావడం మాత్రం ఒక్క ఛార్జితో కుదరదు. అక్కడ రాత్రి ఉండే చోట ఛార్జరు ఉంటే అసలు ప్రయాణమన్న ధ్యాసే ఉండదు. లేకపోతే తిరుగుదారిలో ఎక్కడో ఒకచోట ఆగాలి.

అక్కడే కథ మొదలవుతుంది. ఈ బండి 195 కిలోవాట్ల దాకా డీసీ కరెంటు (బయటి వేగపు ఛార్జర్లు ఇచ్చేది) తీసుకోగలదు, 10 నుంచి 80 శాతానికి 35 నిమిషాలు అని కాగితంలో ఉంది. అబద్ధమేమీ కాదు. కానీ అంత కరెంటు ఇచ్చే యంత్రం మీ దారిలో ఉండాలి కదా. దాబాల దగ్గర, హోటళ్ళ ముందు కనిపించేవాటిలో చాలావరకు 60 కిలోవాట్లవి. దానిమీద అదే 70 శాతం ఎక్కడానికి గంటా ఇరవై నిమిషాలు. దానికి రెండు గన్నులు (బండికి తగిలించే ప్లగ్గులు) ఉండి, రెండోదానికి ఇంకొకరు వచ్చి తగిలిస్తే, పంచుకునే రకం యంత్రమైతే మీకు దక్కేది 30. అప్పుడు రెండున్నర గంటలు. అందుకని యంత్రం మీద రాసిన అంకె చూసి సంతోషించకండి. పక్క గన్ను ఖాళీగా ఉందా, ఎవరైనా వస్తున్నారా అని కూడా చూడండి.

ఒకసారి సూర్యాపేట దాటాక, యాప్‌లో పచ్చగా ఖాళీ అని చూపిస్తున్న చోటికి వెళ్ళాం. యంత్రం తెర నల్లగా ఉంది. కాపలా ఉన్న అబ్బాయి "నిన్నటి నుంచి ఇంతే సార్, కంప్లైంట్ పెట్టాం" అన్నాడు. అతను చేయగలిగింది ఏమీ లేదు. ఎవరి యంత్రమో చెప్పను, ఆ తరహా అనుభవం ఏ రంగు యంత్రం దగ్గరైనా ఎదురుకావచ్చు. అప్పటి నుంచి మా ఇంట్లో నియమం ఒకటే: 30 శాతం ఉండగానే ఆగాలి, వెళ్ళేముందు ఆ హోటలుకు ఫోను చేయాలి. యాప్ కన్నా గల్లా పెట్టె దగ్గర కూర్చున్న మనిషి చెప్పేది నమ్మదగ్గది.

ఇంకొక చికాకు, ఒక్కో సంస్థకు ఒక్కో యాప్, ఒక్కో వాలెట్. ఇక్కడ మూడు వందలు, అక్కడ నూట డెబ్బై ఇరుక్కుని ఉంటాయి. ఆ సొమ్ము తేలిగ్గా వెనక్కి రాదు, మళ్ళీ ఆ దారిలో వెళితేనే ఖర్చవుతుంది.

80 శాతం దగ్గర ఎందుకు ఆపేస్తారు? డబ్బు ఆదా కోసమా?

కాదు, సమయం కోసం. బ్యాటరీ నిండేకొద్దీ బండే కరెంటు తగ్గించి తీసుకుంటుంది. 80 నుంచి 100కు పట్టే సమయంలో దాదాపు మొదటి సగం నిండిపోతుంది. దారిలో అంతసేపు కూర్చుని, వెనక వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం మర్యాద కాదు. ఇంట్లో కూడా రోజువారీ 80 చాలు, నిండా ఉంచితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. దూరం వెళ్ళే ముందు రాత్రి నూరు పెట్టుకోండి.

కిలోమీటరుకు ఎంత పడుతోంది?

మా వాడకం పై శ్లాబులో పడుతుంది, యూనిట్ పది రూపాయల లెక్క వేసుకోండి. ఛార్జ్ చేసేటప్పుడు వృథా అయ్యేది కూడా కలిపితే కిలోమీటరుకు రెండున్నర రూపాయలు. బయట డీసీ ఛార్జింగ్ యూనిట్ ఇరవై రూపాయల చుట్టూ, దానిమీద 18 శాతం జీఎస్టీ. అప్పుడు ఐదు రూపాయల పైన. లీటరు డీజిల్ 95 రూపాయలు దాటి ఉన్నప్పుడు, లీటరుకు పది ఇచ్చే పెద్ద డీజిల్ బండికి తొమ్మిదిన్నర.

తేడా బాగానే ఉంది. కానీ ఆదా కోసం కోటీ నలభై లక్షలు పెట్టానని ఎవరైనా అంటే నమ్మకండి. అది ఇంట్లోవాళ్ళకు చెప్పుకునే మాట.

అంత ఖరీదులో ఏముంది? కూర్చుంటే తెలుస్తుందా?

తలుపు వేసిన క్షణంలో తెలుస్తుంది. అద్దాలకు చుట్టూ ఫ్రేము లేదు, అయినా గట్టిగా మూసుకుని బయటి హారన్ల రొద ఎక్కడో దూరంగా ఉన్నట్టు అయిపోతుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఈ తేడా బాగా అనుభవానికి వస్తుంది. ఇంజను చప్పుడు లేకపోవడంతో ఇంతకాలం వినపడనివి వినపడతాయి: టైరు కింద కంకర, తలుపు అరలో నాణేల గలగల, వెనక సీట్లో మెల్లగా మాట్లాడుకుంటున్నామనుకునే అత్తాకోడళ్ళ మాటలు.

లోపల మధ్యలో గట్టు లేదు, నేల చదునుగా ఉంటుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య మూడు మీటర్లు. వెనక కూర్చున్నవాళ్ళు కాళ్ళు చాపుకోవచ్చు. బ్యాటరీ కింద ఉండటం వల్ల నేల కొంచెం పైకి వచ్చింది, పొడగరి మోకాళ్ళు కాస్త లేస్తాయి. ఇది చాలా కరెంటు బండ్లలో ఉన్నదే. స్టీరింగ్ గుండ్రంగా కాక ఆరు పలకలుగా ఉంటుంది. మొదట వింతగా అనిపిస్తుంది, తరవాత మరిచిపోతారు. తెరలు రెండు, 12.3 అంగుళాలది ఒకటి, 14.9 అంగుళాలది ఒకటి, ఒకే వంపు గాజు కింద. తెరను తాకి చేసే పనుల్లో సగం గాజు గుండ్రని మీటతో కూడా చేయవచ్చు. గతుకుల రోడ్డు మీద తెర మీద వేలు పెట్టి చూసినవాళ్ళకు ఆ మీట విలువ తెలుస్తుంది.

పెద్దవాళ్ళకు సౌకర్యంగా ఉందా?

కూర్చోవడం సౌకర్యమే. దిగడమే ఇబ్బంది. తలుపు తెరవడానికి లోపల లాగే పిడి కనిపించదు, ఒక మీట నొక్కాలి. మా అమ్మమ్మ గుడి దగ్గర తలుపంతా తడిమి, ఆఖరికి "నాన్నా, దీనికి గడియ ఎక్కడ?" అని అడిగింది. చూపించాను. మర్నాడు మళ్ళీ అడిగింది. కరెంటు పని చేయకపోతే తెరుచుకోవడానికి చేత్తో లాగే ఏర్పాటు తలుపులో కింద వేరే ఉంది. బండి ఎక్కే ప్రతివాళ్ళకూ, ముఖ్యంగా పిల్లలకు, అది ముందే చూపించాలి.

వాహన పూజ చేయించారా? ఇంజను లేని బండికి పూజ ఏమిటి?

చేయించాం, నిమ్మకాయలతో సహా. పూజారి హారతి ఇచ్చి "ఇక స్టార్ట్ చేయండి బాబూ" అన్నారు. "అయింది పంతులుగారూ" అన్నాను. ఆయన కాసేపు చెవి పెట్టి విన్నారు, నా వంక చూశారు, మళ్ళీ "స్టార్ట్ చేయండి" అన్నారు. నిమ్మకాయలు చితికాక గానీ నమ్మలేదు.

పూర్తి నిశ్శబ్దంగా పోతుందని కాదు. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు నడిచేవాళ్ళ కోసం బయటికి సన్నని శబ్దం వస్తుంది. వేగం పెంచినప్పుడు లోపల వినిపించే శబ్దాల రూపకల్పనలో సినిమా సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ పాలుపంచుకున్నారు. మా పిల్లలకు అది ఇష్టం. నేను దాన్ని ఆపేసి ఉంచుతాను.

ముందు బానెట్ తెరిస్తే ఏముంటుంది?

తెరవలేరు. అది సర్వీసు వాళ్ళు మాత్రమే తెరిచేది. అద్దాలు కడిగే నీళ్ళు పోయాలంటే ముందున్న బీఎండబ్ల్యూ గుర్తును నొక్కితే మూత తెరుచుకుంటుంది, అందులో పోయాలి. సెల్లారులో అది చూపిస్తే చుట్టూ జనం చేరతారు. లోపల సామాను అర ఉంటుందని ఆశపడితే నిరాశే. ముందున్న పెద్ద జాలీ కూడా నిజానికి జాలీ కాదు, కెమెరాలూ రాడారూ దాచిన మూసిన పలక. దాని పూతకు చిన్న గీతలు మామూలు వేడిలో ఒక రోజులో వాటంతటవే సర్దుకునే గుణం ఉంది. తాళం చెవితో గీసి పరీక్షిస్తానన్న మా బావమరిదిని ఆపాల్సివచ్చింది.

వెనక కూర్చుంటే వాంతి వచ్చినట్టు ఉంటుందట, నిజమేనా?

నడిపేవాడిని బట్టి. గేరు మీటను బీ స్థానంలో పెడితే యాక్సిలరేటరు నుంచి కాలు తీయగానే బండి గట్టిగా తగ్గుతుంది, ఒక్క పెడలుతోనే నడపవచ్చు. నడిపేవాడికి అది హాయి. వెనకవాళ్ళు మాత్రం తలలు ఊపుతూ కూర్చుంటారు. కాలు ఒక్కసారిగా తీయకుండా మెల్లగా ఎత్తడం నేర్చుకోవాలి. లేదా మామూలు డీ స్థానంలో ఉంచండి, ముందున్న బండిని, మలుపును చూసుకుని ఎంత తగ్గాలో అదే లెక్క వేసుకుంటుంది.

మా డ్రైవరు యాదగిరి అన్న ముందు ఒప్పుకోలేదు. "చప్పుడు లేకపోతే ఎంత స్పీడులో ఉన్నామో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. ఇప్పుడు డీజిల్ బండి తీయమంటే ముఖం ముడుస్తున్నాడు. ఫంక్షన్ హాలు బయట మూడు గంటలు ఏసీ వేసుకుని పడుకున్నా పొగ లేదు, చప్పుడు లేదు, ఎవరూ వచ్చి అద్దం కొట్టరు. గంటకు ఒకటీ రెండు యూనిట్లు ఖర్చవుతాయి, అంతే.

పార్కింగులో పడుతుందా?

పడుతుంది, మీరు దిగలేరు. వెడల్పు అద్దాలు కాకుండా 1,967 మిల్లీమీటర్లు, పొడవు 4,953. మన అపార్ట్‌మెంట్లలో గడి సాధారణంగా రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. రెండు వైపులా కలిపి మిగిలేది అర మీటరు చిల్లర. ఒక పక్క స్తంభం ఉంటే ఆ గడిని మరిచిపోండి. మేము మూల గడి ఉన్నవాళ్ళతో బతిమాలి మార్చుకున్నాం.

వానలో, నీళ్ళలో భయం లేదా?

వానలో ఛార్జ్ చేయడానికి భయం అక్కర్లేదు. గన్ను సరిగా కూర్చుని, బండీ యంత్రమూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాకే కరెంటు పారుతుంది. బ్యాటరీ పెట్టె నీరు చొరకుండా మూసి ఉంటుంది. అలాగని మునిగిన అండర్‌పాస్‌లోకి దిగకండి. రెండున్నర టన్నుల బండి కూడా నీళ్ళు లేస్తే పక్కకు జరుగుతుంది, సీట్ల కింద వైర్లు తడిస్తే ఆ బిల్లు మీరు చూడకూడదు.

తిరుమల ఘాట్ ఎక్కుతుందా?

ఎక్కడం గురించి సందేహమే లేదు, 765 న్యూటన్ మీటర్ల టార్కు (చక్రాలను తిప్పే బలం) ఉంది. సరదా అంతా దిగడంలో. మనుషులతో కలిపి మూడు టన్నులు, ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. ఆ ఎత్తుకు చేర్చడానికే ఆరు యూనిట్ల దాకా కావాలి. దిగేటప్పుడు అందులో సగం పైన తిరిగి వస్తుంది. కొండ మీద కన్నా అలిపిరిలో శాతం ఎక్కువ కనిపిస్తుంది. బ్రేకులు దాదాపు వాడనక్కర్లేదు, కాలిన వాసన రాదు.

బ్యాటరీ పోతే?

ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ. నాకు దానికన్నా చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీదే కన్ను ఎక్కువ. తలుపులు, తెరలు, కంప్యూటర్లు దానితోనే లేస్తాయి. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా చిన్నది పడిపోతే బండి కదలదు. వారాల తరబడి ఊరికి వెళుతుంటే ఎవరో ఒకరు మధ్యలో బండి తీసేలా చూడండి.

సర్వీసు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఇంజనాయిల్ లేదు, బెల్టులు లేవు. బ్రేకు ద్రవం, ఏసీ ఫిల్టరు, టైర్లు. ఇంత బరువుకూ ఇంత టార్కుకూ టైర్లు త్వరగా అరుగుతాయి, వాటి ధర ముందే అడిగి పెట్టుకోండి.

తిరిగి అమ్మితే ఎంత వస్తుంది?

తక్కువ. ఖరీదైన బండ్లన్నీ తొలి మూడేళ్ళలో బాగా దిగుతాయి, కరెంటువి ఇంకా దిగుతాయి. ఏటేటా కొత్త బ్యాటరీ, ఎక్కువ దూరం అంటూ వస్తుంటే పాతదానికి ఎవరు ఇస్తారు? మూడేళ్ళకోసారి మార్చే అలవాటు ఉన్నవాళ్ళు లీజు గురించి అడగండి, లేదా అలా లీజు ముగిసి వచ్చినదాన్ని కొనండి. బ్యాటరీ వారంటీ ఇంకా ఐదేళ్ళు మిగిలే ఉంటుంది.

ఒకసారి నడిపి చూడవచ్చా?

మా బావమరిది ప్రశ్న ఇది. చూడవచ్చు. సున్నా నుంచి నూరుకు 4.6 సెకన్లు, ముందస్తు హెచ్చరిక చప్పుడు ఏదీ ఉండదు. కాబట్టి మా వీధిలో కాదు, ఆదివారం పొద్దున ఔటర్ మీద. స్పోర్ట్ మోడ్ ఇవ్వను. టోలు నీది.